పెరటికోళ్లు, పొదిగింపు: మగ్గపు ఇండ్లవారికి కొన్ని సంగతులు

మగ్గమున్న యింట కోడి ఉండుట క్రొత్త సంగతి కాదు. మనవారు ఏ రాష్ట్రములో స్థిరపడినను, నాడెతో బాటు కోళ్ల గంప కూడ వెంట వచ్చినది. షావుకారునుండి నూలు రాని వారములో, చీర దిగి కూలి చేతికి రావడానికి ఇంకను నాలుగు దినములు ఉన్నదనగా, ఉప్పుకు పప్పుకు ఆదుకొన్నది గంపలోని గుడ్లే అని మన యిండ్ల పెద్దమ్మలు చెప్పగా వినని వారుండరు. ఆ డబ్బు ఆడవారి చేతి డబ్బు. దానికి లెక్క అడిగేవారు లేరు, దానిమీద అప్పువాని కన్ను పడదు. అందుచేతనే పది గుడ్లు చెడిపోయినా, నాలుగు పిల్లలు చచ్చినా ఆ బాధ మగవారికి తెలియదు.

మనలో కొన్ని యిండ్లవారు మాంసము, గుడ్డు ముట్టరు. వారిని ఒప్పించుట మా పని కాదు. వారు ఈ పుటలు త్రిప్పివేయవచ్చును. కోళ్లు పెంచేవారికి మాత్రము మేము చూచినవి, మేము పోగొట్టుకొన్నవి, పశువైద్యులవలన తెలిసికొన్నవి ఇక్కడ చెప్పుచున్నాము.

ముందుగా ఒక లెక్క. నాటుపెట్ట ఒక విడతకు 12 నుండి 15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. పొదుగుట మూడు వారములు. తరువాత పిల్లలతో రెండు మూడు నెలలు తిరుగుతుంది. ఈ లెక్కన సంవత్సరమునకు మూడు విడతలకు మించి రావు. ఒక విడతలో 12 గుడ్లు వేసిన, జాగ్రత్తగా చూచుకొన్నచో 9 గాని 10 గాని పిల్లలు లేస్తవి. చూచుకొననిచో లేచినవాటిలో కూడ పిల్లికి, గద్దకు, కాకికి, ముంగిసకు, తెగులుకు పోగా నెల తిరిగేసరికి మూడో నాలుగో మిగులుతవి. గుడ్డు అమ్ముకొన్నా బాగుండేదే అని అప్పుడు తోచును. కనుక పొదగవేయుట అంటే చేతిలోని గుడ్డును పందెము పెట్టుటే. పందెము పెట్టదలచినవారు గెలుపు ఎక్కడ పోతున్నదో తెలిసికొనవలెను.

అన్నిటికంటె ముందు గుడ్డు. పుంజు తిరగని పెట్ట కూడ గుడ్డు పెడుతుంది. అది తినుటకే గాని పొదిగించుటకు పనికిరాదు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. పుంజును క్రొత్తగా వదిలినప్పుడు ఒక వారము గడిచిన తరువాత పెట్టిన గుడ్లను ఏరుకొనుట మంచిది. మరీ పెద్దది, మరీ చిన్నది, కోలగా సాగినది, పెంకు గరుకుగా ఉన్నది, సన్నని బీట వారినది తీసివేయవలెను. రెండు గుడ్లను మెల్లగా తాకించిన, బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. మట్టికుండను వ్రేలితో కొట్టి చూచినట్లే. మురికి అంటిన గుడ్డును కడుగకూడదు. పెంకుమీద కంటికి కనపడని ఒక పూత ఉన్నది. అది పెంకులోని సూక్ష్మరంధ్రములగుండ క్రిములు లోనికి పోకుండ కాపాడును. నీళ్లతో కడిగిన ఆ పూత పోవును. పొడిగుడ్డతో తుడిచిన చాలు, తుడిచినా పోని మురికి గలదానిని కూరకు వాడుకొనవలెను.

గుడ్డు దాచుటలో మనవారు చేసే తప్పు చాల పెద్దది. ఒకయేడు చైత్రమాసములో మేము పదమూడు గుడ్లు పోగుచేయడానికి ఇరవై దినములు తీసికొన్నాము. రేకుల కప్పు క్రింద అటకమీద, ఊకగంపలో దాచినాము. పిల్లికి అందవని మా ధైర్యము. పెట్ట మహా శ్రద్ధగా కూర్చున్నది. ఇరవై యొకటవనాడు లేచినవి మూడు పిల్లలు. పెట్టది తప్పు అని దానిని తిట్టినాము. తప్పు మాదే. గుడ్డు పెట్టిననాటినుండి దానిలోని బీజము మెల్లగా క్షీణిస్తూ ఉండును. ఇంట్లో చల్లదనము 15 నుండి 18 సెంటీగ్రేడు డిగ్రీలు ఉన్నచో వారము దినములు నిలుచును. మన ఎండలలో మూడు నాలుగు దినములకు మించి ఆశ పెట్టుకొనరాదు. వేడి ఇరవై నాలుగు డిగ్రీలు దాటితే, పెట్ట కూర్చొనకముందే లోపలి పిండము కదలుట మొదలుపెట్టును. కదిలినది సరియైన వెచ్చదనము లేక ఆగిపోవును, చచ్చును. ఇందుకు ఖర్చులేని ఉపాయము ఒకటి ఉన్నది. వెడల్పు మూతి కుండను సగము నేలలో పాతి, అడుగున ఇసుక పోసి తడిపి, దానిపైన చిన్న గంపలో గుడ్లు పెట్టి పల్చని గుడ్డ కప్పవలెను. ఇసుక ఆరకుండ పూటకొకసారి నీళ్లు చల్లిన, గుంటమగ్గపు గుంటలో కాళ్లకు తగిలే చల్లదనమే ఆ కుండలోనూ ఉండును. తడి మాత్రము గుడ్లకు తగులకూడదు. సన్నని కొన క్రిందికి, లావుపక్క పైకి ఉండవలెను. గాలి అర ఆ లావుపక్కన ఉన్నది.

ఉరిమితే గుడ్లు చెడునని గంపలో ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెట్టుట మన పెద్దల ఆచారము. ఉరుముకు గుడ్డు చెడదు. ఉరుములు వచ్చే కాలములో ఎండ, ఉక్క ఎక్కువ గనుక చెడును. ముక్క పెట్టినందున నష్టము లేదు, పెట్టుకొనవచ్చును. కాని ఇసుక తడుపుట మరువకూడదు.

పొదుగుకు వచ్చిన పెట్టను గుర్తించుట కష్టము కాదు. రాత్రింబవళ్లు గూటిలోనే ఉండును, చేయి పెట్టిన ఈకలు నిక్కబొడుచుకొని కొరకొరమనును, పొడుచును, రొమ్ముక్రింద ఈకలు పెరుకుకొనును. ఆ బోసిచర్మమునుండియే గుడ్డుకు వేడి తగిలేది. అయినను మొదటి దినమే నమ్మి మంచి గుడ్లు పెట్టరాదు. పనికిరాని రెండు గుడ్లు పెట్టి రెండు రాత్రులు చూచి, అప్పుడును లేవకుండ కూర్చున్నచో చీకటి పడినాక అసలు గుడ్లు మార్చవలెను. నాటుపెట్టకు 10 నుండి 12 గుడ్లు చాలును. దాని రెక్క క్రింద ఇమిడినన్నియే లెక్క; ఒకటి బయటికి వచ్చినచో రోజుకొక గుడ్డు చొప్పున మారి మారి అన్నియు చల్లబడును. ఆశకు పోయి పదిహేను పెట్టినవారు ఎనిమిది పిల్లలు తీసినారు, పది పెట్టినవారు తొమ్మిది తీసినారు.

ఇక గూడు. ఇక్కడ మన చేనేతవారు ప్రత్యేకముగా గమనించవలసిన సంగతి ఉన్నది. ఇంట్లో నూలు తుక్కు ఊరక పడి ఉండును. మెత్తగా ఉంటుందని గూటిలో అదే పరుస్తారు. మేమును పరచినాము. తొమ్మిది పిల్లలు లేచినవి, చూచి మురిసినాము. మూడవనాడు ఒక పిల్ల కుంటుచున్నది. ముల్లు గుచ్చుకొన్నదేమో అని పట్టి చూడగా నూరో నెంబరు నూలుపోగు ఒకటి కాలిచుట్టు నాలుగు చుట్లు బిగిసి ఉన్నది. కాలు వాచినందున పోగు కంటికి కనపడలేదు. సూదిమొనతో తీసినాము గాని ఆ వ్రేలు నల్లబడి వారములో రాలిపోయినది. ఇంకొకదానికి రెండు కాళ్లును కలిసి చుట్టుకొన్నవి, అది బ్రతుకలేదు. పోగు సన్నదైనకొలది ప్రమాదము ఎక్కువ, పట్టుపోగు ఐతే తెగదు కూడ. పోగులను పురుగులనుకొని పిల్లలు మింగును. అవి మేతసంచిలో ఉండకట్టి, పిల్ల తినలేక క్రుంగి చచ్చును. కనుక గూటిలో ఇసుకో బూడిదో ఒక పొర పరచి, దానిమీద ఎండుగడ్డి లేక ఊక వేయవలెను, నూలు తుక్కు ఎన్నటికి వేయరాదు. ఆసు పోసే చోట, కండెలు చుట్టే చోట ప్రొద్దున సాయంత్రము ఊడ్చి, తుక్కు సంచిలో కట్టివేయవలెను. ఈ ఒక్క మాట పాటించినను మా వ్రాత వృథా కాలేదనుకొందుము.

పొదుగు పెట్ట రోజుకు ఒకసారి లేచి, పావుగంటయో ఇరవై నిమిషములో తిరిగి, మేసి, రెట్ట వేసి వచ్చును. ఆ సమయమునకు జొన్నలో, మొక్కజొన్నలో, మంచినీళ్లు గూటి దగ్గరనే ఉంచవలెను. దూరము పోయిన మరచిపోవును, లేదా పిల్లలు తరుముదురు. కూర్చొనబెట్టుటకు ముందు దాని రెక్కల క్రింద పేలు, గోమార్లు ఉన్నవేమో చూచి, బూడిదలో పొర్లనీయవలెను. గోమార్లు పట్టిన పెట్ట రాత్రి కుదురుగా కూర్చొనలేదు.

ఏడవనాటి రాత్రి గుడ్లను వెలుగులో చూచుట నేర్చుకొనవలసిన పని. వెనుక కాలములో దీపము ముందు పెట్టి అరచేయి అడ్డము పెట్టి చూచెడివారు. ఇప్పుడు సెల్‌ఫోను టార్చి అందరి యింటను ఉన్నది. నల్లకాగితమును గొట్టముగా చుట్టి, ఒక కొన టార్చికి, ఒక కొన గుడ్డు లావుపక్కకు ఆనించి చీకటిలో చూడవలెను. సాలెగూడువలె ఎర్రని నరములు వ్యాపించి నడుమ ఒక చుక్క కదలుచుండిన అది జీవమున్న గుడ్డు. ఏమియు లేక తేటగా ఉన్నది పుంజు తగులని గుడ్డు. నరములు లేక ఒక ఎర్రని ఉంగరము మాత్రము కనబడిన, అది మొదట పట్టి తరువాత చచ్చినది. తేటగుడ్లు, ఉంగరపు గుడ్లు తీసివేయవలెను. లోపల చచ్చినది కుళ్లి పగిలిన మిగిలినవాటికి కూడ చేటు. నాలుగైదు తేటగా ఉన్నచో పుంజు ముసలిదో, పెట్టలు ఎక్కువో అని తెలిసికొని దిద్దుకొనవచ్చును. ఉంగరములు ఎక్కువగా ఉన్నచో దాచుటలోనే లోపము. పదునాలుగవనాడు ఇంకొకసారి చూచిన చాలు. అప్పటికి గాలి అర తప్ప తక్కినదంతయు నల్లగా నిండి ఉండును. రెండు పెట్టలను ఒకేరాత్రి కూర్చొనబెట్టినచో ఇక్కడ ఒక లాభము. తేటవి తీసివేయగా మిగిలినవి ఒకదానిక్రిందనే ఇమిడినచో, రెండవది విడుదలై త్వరలో మరల గుడ్డుకు వచ్చును.

పదునెనిమిదవ దినము తరువాత గుడ్లను ముట్టరాదు. అంతవరకు పెట్ట తన ముక్కుతో రోజుకు ఎన్నోసార్లు త్రిప్పుచుండును. ఇప్పుడు పిల్ల తల లావుపక్కకు త్రిప్పుకొని స్థిరపడును. ఎండకాలములో గాలి మరీ పొడిగా ఉన్నచో గూటి చుట్టు నేల తడుపుట మంచిది. ఇరువదవనాడు లోపలినుండి సన్నగా కూత వినబడును, తరువాత పెంకుమీద నక్షత్రమువంటి పగులు. ఇక్కడ మన ఆత్రము పనికిరాదు. పగులు పడిన తరువాత పిల్ల బయటికి వచ్చుటకు పన్నెండు గంటలో, కొన్నిటికి ఒక పూర్తి దినమో పట్టును. ఆ వేళలో పెంకులోపలి నెత్తురునరములు ఎండుచున్నవి, మిగిలిన పచ్చసొన పిల్ల కడుపులోనికి పోవుచున్నది. జాలిపడి పెంకు ఒలిచిన నెత్తురు కారి పిల్ల చచ్చును. ఆ పచ్చసొనయే దానికి రెండు దినముల ఆహారము. అందుచేత లేచిన మొదటి దినము మేత లేదని కంగారు పడనక్కరలేదు.

కరెంటు పెట్టెలలో పొదిగించువారు కూడ ఇప్పుడు మన వీధులలో ఉన్నారు. లోపల పంకా గల పెట్టెకు 37.5 డిగ్రీలు, తేమ మొదటి పదునెనిమిది దినములు నూటికి 55 నుండి 60, చివరి మూడు దినములు 65 నుండి 70 ఉండవలెను. గుడ్లను రోజుకు మూడుసార్లకు తగ్గకుండ త్రిప్పవలెను. కరెంటు ఒక గంట పోయిన దుప్పటి కప్పిన చాలును, గుడ్లు ఓర్చుకొనును. వేడి హెచ్చినచో మాత్రము ఓర్వలేవు. 40 దాటి కొన్ని గంటలున్న అన్నియు పోవును. కరెంటు నమ్మకము లేని ఊళ్లలో పది గుడ్లకు నాటుపెట్టను మించిన యంత్రము లేదని మా అభిప్రాయము.

జాతులను గూర్చి రెండు మాటలు. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధనా సంస్థవారి వనరాజ, గ్రామప్రియ, బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి గిరిరాజ, తమిళనాటి నందనము కోడి, భువనేశ్వరములోని కేంద్రమువారి కళింగ బ్రౌను పెరటిలో పెరుగునవే. గుడ్లు నాటుకోడికంటె బాగా ఎక్కువ. కాని అవి సాధారణముగా పొదుగుకు కూర్చొనవు, వాటి గుడ్లను పొదిగించినను తల్లి గుణము పిల్లలకు పూర్తిగా రాదు. పిల్లలను ప్రతిసారి కొనవలసినదే. రెండు మూడు నాటుపెట్టలను పొదుగుకు, నాలుగు గ్రామప్రియలను గుడ్లకు ఉంచుకొన్న యిల్లు సుఖపడుట మేము చూచినాము.

పిల్లలకు మొదటి వారము 35 డిగ్రీల వెచ్చదనము కావలెను, వారమునకు సుమారు మూడు డిగ్రీలు తగ్గించుకొనవచ్చును. తల్లి ఉన్నప్పుడు ఈ లెక్క దానికే తెలియును. మొదట నూకలు, నలిపిన రాగులు. వారము తిరిగినాక పురుగుమేత కావలెను, మాంసకృత్తులు లేనిచో ఈకలు రావు. పాతకుండలో తడిగడ్డి, పేడ, గోనెముక్క కుక్కి చెదలున్న చోట బోర్లించిన ఒకటి రెండు దినములలో చెదలు పట్టును; అవి పిల్లలకు పరమాన్నము. కర్ణాటకములో శిడ్లఘట్ట, రామనగరము ప్రాంతములవారికి పట్టు తీసిన తరువాత మిగిలే పురుగు దొరుకును. ఎండిన దానిలో దాదాపు సగము మాంసకృత్తులే. బాగా ఎండబెట్టి దంచి మేతలో కొద్దిగా కలుపవలెను. నూనె ఎక్కువ గనుక నిలువ ఉంచిన కంపుకొట్టును, ఎక్కువ పెట్టిన గుడ్డుకు కూడ ఆ వాసన వచ్చును. యానాం వంటి తీరపు ఊళ్లవారికి ఆలుచిప్పలు సులభము. గుడ్డుపెట్టే కోళ్లకు చిప్పపొడి లేనిచో పెంకు పల్చబడి గూటిలోనే పగులును, పగిలిన గుడ్డు రుచి మరిగిన కోడి మానదు.

గంజి సంగతి వేరుగా చెప్పవలెను. పడుగుకు పెట్టగా మిగిలిన గంజిని కోళ్లకు పోయుట మన యిండ్లలో అలవాటు. ఉట్టి అన్నపుగంజి ఐతే మంచిదే. కాని బూజు పట్టకుండ కొందరు గంజిలో మైలుతుత్తము వేయుదురు. అది విషము. మా ఎరుకలో ఒక యింట ఒకే మధ్యాహ్నము ఆరు పెట్టలు నీలిరెట్ట వేసి పడిపోయినవి. పొరుగువారు మందు పెట్టినారని రెండు యిండ్లకు నేటికిని మాటలు లేవు. గంజికుండ చూచిన తగవు ఉండేది కాదు. రంగులు కాచిన నీళ్లు, కాస్టిక్ సోడా కడిగిన నీళ్లు కూడ కోళ్లు తిరిగే కాలువలోనికి వదలకూడదు.

రాత్రిపూట కోళ్లను మగ్గపుగదిలో మూయుట మానుకొనవలెను. రెట్ట పడిన నూలు సంగతి అట్లుండగా, గోమార్లు మగ్గపు కొయ్యల సందులలో చేరి పగలు గుంటలో కూర్చున్నవాని కాళ్లను కుట్టును. కోడికి ఒక చదరపుటడుగు చొప్పున, నేలకు రెండడుగుల ఎత్తున వెదురుబద్దలతో గూడు చాలును. సందులలో సున్నము కొట్టుచుండవలెను.

చివరకు తెగుళ్లు. కొక్కెర తెగులు వచ్చిన తరువాత మందు లేదు; మెడ తిరిగి, పచ్చరెట్ట వేసి, వీధి వీధంతయు ఖాళీ అగును. మా వీధికి అది సంతలో కొన్న ఒక్క పెట్టతో వచ్చినది. ఎవరు కొన్నారో చెప్పనక్కరలేదు, కొన్నది మేమే. క్రొత్తకోడిని రెండు మూడు వారములు వేరే గంపక్రింద ఉంచి గాని మందలో కలుపరాదని అప్పటికి మాకు తెలియదు. టీకా మాత్రము ఉన్నది. పిల్లకు 5 నుండి 7 దినముల లోపల లసోటా చుక్క కంటిలో గాని ముక్కులో గాని, ఎనిమిదవ వారములో రెక్కక్రింద ఆర్-టూ-బి సూది. ఈ రెండవది చిన్నపిల్లలకు వేసిన వారినే చంపగలదు గనుక వయస్సు తప్పరాదు. ఆరు ఏడు వారముల మధ్య మశూచి టీకా. రెండు టీకాలకు నడుమ వారము ఎడము ఉండవలెను.

ఇబ్బంది ఏమనగా, సీసాలో నూరు కోళ్లకు సరిపడు మందు ఉండును, కలిపిన తరువాత రెండు గంటలలో వాడవలెను, అంతవరకు మంచులో ఉంచవలెను. పది కోళ్ల యిల్లు ఒక్కటి దానికోసము పోదు. అందుచేత వీధిలో పది యిండ్లవారు కలిసి, ఒకే వారములో పెట్టలను కూర్చొనబెట్టిన, పిల్లలన్నియు ఒకే వయస్సువై ఒకే ఉదయము ఒకే సీసాతో పని తీరును. నూలు బేలు పంచుకొన్నట్లు సీసాను కూడ పంచుకొనవచ్చును. మాలో పదునొకండు యిండ్లవారము ఇట్లే చేయుచున్నాము.

కోళ్లు ఒక్కసారిగా గుంపుగా చచ్చినచో అది పక్షిజ్వరము కూడ కావచ్చును. మన దేశములో అది మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపురమున బయటపడినది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను కనపడినది. చచ్చినవాటిని వట్టిచేతులతో ముట్టక, మిగిలినవాటిని హడావిడిగా సంతకు తోలక, వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు చేయవలెను.

పొదగవేయుటకు కార్తీకమునుండి మాఘమువరకు మంచి కాలము. టీకాసీసా కుదుర్చుకొన్న తరువాతనే పెట్టను కూర్చొనబెట్టవలెను. పిల్లలు లేచినాక సీసాకోసము తిరిగిన ఏడు దినములు దారిలోనే గడచిపోవును.